మ్యాడ్ మెన్: ఎవరికి గది ఉంది, ఎవరికి లేదు

‘మ్యాడ్ మెన్’ సీరియల్ మొదటి ఎపిసోడ్ మొదలైన కాసేపటికే ఆఫీసు మేనేజర్ జోన్ హాలోవే కొత్త సెక్రటరీ పెగీ ఓల్సన్‌కి పని అప్పజెబుతుంది. టైప్‌రైటర్ మీది ముసుగు తీసి, చూసి జడుసుకోకు, ఆడవాళ్లు కూడా వాడగలిగేంత తేలిగ్గానే మగవాళ్లు దీన్ని తయారుచేశారులే అంటుంది. డెస్కులో ఏమేం ఉంచుకోవాలో కూడా చెబుతుంది: ఒక సీసా రై విస్కీ, తలనొప్పి మాత్రలు, గాయాలకి అంటించే పట్టీలు, సూదీ దారం. సెక్రటరీ ఉద్యోగమంటే ఏమిటో ఈ సామాన్ల జాబితాలోనే ఉంది. బాస్ తాగాలి, బాస్ తలనొప్పి తగ్గాలి, బాస్ చొక్కా గుండీ ఊడితే కుట్టాలి. ఇవన్నీ జోన్ గొంతులో ఏ ఫిర్యాదూ లేకుండా, గర్వంగా చెబుతుంది. పని చేసే చోట ఆడవాళ్ల మీద పెత్తనం ఎలా నడుస్తుందో చూపించిన సీరియళ్లు చాలానే ఉన్నాయి. ఆ పెత్తనానికి పనిముట్లు ఏమిటో, వాటిని ఎవరు ఎవరికి అందిస్తారో ఇంత వివరంగా చూపించింది ‘మ్యాడ్ మెన్’.

అమెరికన్ కేబుల్ చానెల్ ఏఎంసీలో 2007 జులై నుంచి 2015 మే వరకు వచ్చింది. సృష్టికర్త మాథ్యూ వైనర్. 7 సీజన్లు, 92 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 47 నిమిషాలు, అంటే మొత్తం 72 గంటల పైమాటే. కథ 1960 మార్చిలో న్యూయార్క్‌లో యాడ్ ఏజెన్సీలకు పేరుపడ్డ వీధి మాడిసన్ అవెన్యూ మీద, స్టెర్లింగ్ కూపర్ అనే కల్పిత యాడ్ ఏజెన్సీలో మొదలై 1970 చివర్లో ముగుస్తుంది. 2008 నుంచి 2011 దాకా వరసగా నాలుగేళ్లు ఉత్తమ డ్రామాకి అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ దక్కింది. పోస్టర్ మీద ఉండేది ఏజెన్సీ క్రియేటివ్ డైరెక్టర్ డాన్ డ్రేపర్, అంటే నటుడు జాన్ హామ్. అతని దొంగ పేరు, అతని తాగుడు, అతని పెళ్లిళ్లు బోలెడంత సమయం తింటాయి. అయినా ఆఫీసు కథగా చూస్తే వెన్నెముక ఇద్దరు ఆడవాళ్లే: ఎలిజబెత్ మాస్ చేసిన పెగీ, క్రిస్టినా హెండ్రిక్స్ చేసిన జోన్.

ఈ సీరియల్‌ని చదవడానికి ఒక తాళంచెవి ఉంది. ఎవరికి గది ఉంది, ఎవరికి లేదు అని చూస్తూ పోవాలి. స్టెర్లింగ్ కూపర్ ఆఫీసులో సెక్రటరీలంతా నడిమి హాల్లో, బల్లల వరసల్లో, అందరి కళ్ల ముందు కూర్చుంటారు. మగవాళ్లకి చుట్టూ తలుపులున్న గదులు, గదుల్లో కిటికీలు, సోఫాలు, సీసాలు. పెగీ బల్ల డాన్ తలుపు బయట. మొదటి సీజన్ చివర్లో ఆమె జూనియర్ కాపీరైటర్, అంటే ప్రకటనల మాటలు రాసే మనిషి అవుతుంది. రెండో సీజన్ మొదట్లో, 1962లో, ఆఫీసుకి జిరాక్స్ 914 ఫోటోకాపీ యంత్రం వస్తుంది. దాదాపు 300 కిలోల బరువు. ఎక్కడ పెట్టాలో తేలక ఆఫీసంతా తిరిగి చివరికి పెగీ గదిలో దిగుతుంది. ప్రమోషన్ వచ్చిన మనిషికి యంత్రమూ గది భాగస్తురాలే. ఆ సీజన్ 12వ ఎపిసోడ్‌లో పుల్ల ఐసు కంపెనీ పాప్సికల్ ఖాతా (అంటే ఆ కంపెనీ ప్రకటనల పని) గెలిచాక ఆమె నేరుగా ఏజెన్సీ యజమానుల్లో ఒకడైన రోజర్ స్టెర్లింగ్ దగ్గరికెళ్లి, ఖాళీగా ఉన్న కాపీరైటర్ ఫ్రెడ్డీ రమ్సెన్ గది నాకివ్వండి అని అడుగుతుంది. వెంటనే ఇచ్చేస్తాడు. అడిగితే ఇంత తేలిగ్గా దొరికేది ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదో ఆ సీనులో ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోవడమే ఆ రచన గొప్పతనం.

గది దొరికినంత మాత్రాన పని జరిగే చోటికి ప్రవేశం దొరకదు. రెండో సీజన్ 6వ ఎపిసోడ్ దీని గురించే. ప్లేటెక్స్ బ్రాల ప్రచారానికి అసలు ఆలోచన సాయంత్రం పూట, మగవాళ్లు మాత్రమే కూర్చున్న చోట పుట్టేస్తుంది. మర్నాడు పెగీకి తెలిసేది నిర్ణయం మాత్రమే. మీటింగ్ నుంచి ఆమెను ఎవరూ గెంటలేదు. మీటింగే ఆమె లేని చోట జరిగింది. దీనికి జోన్ ఇచ్చే సలహా: చిన్నపిల్లలా బట్టలు వేసుకోవడం మానెయ్. పెగీ ఆ సలహా పాటించి, క్లయింట్లను తీసుకెళ్లిన క్లబ్బుకి తనూ వెళ్తుంది, చివరికి క్లయింటు ఒడిలో కూర్చోవలసి వస్తుంది. లోపలికి రావడానికి అదే టికెట్టు. ఎదురుగా కూర్చున్న, ఏజెన్సీలో క్లయింట్ల వ్యవహారాలు చూసే పీట్ క్యాంప్‌బెల్ ముఖంలో ఏవగింపు చూడండి. టికెట్టు పెట్టినవాళ్లకే టికెట్టు కొన్నదాని మీద చులకన.

మొదటి సీజన్ 6వ ఎపిసోడ్‌లోని లిప్‌స్టిక్ పరీక్ష కూడా ఇలాంటిదే. బెల్ జోలీ కంపెనీ రంగుల్ని సెక్రటరీల చేత పూయించి, ఇటు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక మగవాళ్లు కూర్చుని చూస్తుంటారు. అందరూ రంగులు పూసుకుంటుంటే పెగీ మాత్రం చుట్టూ గమనిస్తుంది, ఒక మాట అంటుంది. ఆ మాటలో ప్రకటన ఉందని ఫ్రెడ్డీ పసిగడతాడు. మెచ్చుకోలు ఎలా ఉంటుందంటే, కుక్క పియానో వాయిస్తుంటే చూసినట్టుందని. ప్రతిభను గుర్తించడం, మనిషిని గుర్తించకపోవడం, రెండూ ఒకే వాక్యంలో.

జీతం విషయానికొస్తే మూడో సీజన్ 5వ ఎపిసోడ్ తప్పనిసరి. 1963. పెగీ డాన్ దగ్గరికెళ్లి, సమాన పనికి సమాన జీతమని చట్టం వచ్చింది కదా అంటుంది. నిజమే, సమాన వేతన చట్టం మీద అధ్యక్షుడు కెనడీ ఆ ఏడాది జూన్ 10న సంతకం చేశాడు. డాన్ ఇప్పుడు సమయం కాదంటాడు, అంతే. చాలామంది దీన్ని డాన్ మొండితనంగా చూసి వదిలేస్తారు. అసలు సంగతి ఇంకా లోతైనది. ఆ చట్టం కార్మిక ప్రమాణాల చట్టానికి అనుబంధంగా వచ్చింది; దాంతో ఆ పాత చట్టానికున్న మినహాయింపులు కూడా వచ్చి పడ్డాయి. కార్యనిర్వాహక, పరిపాలన, వృత్తి నిపుణుల ఉద్యోగాలకు 1972 దాకా అది వర్తించలేదు. సెక్రటరీగా ఉన్నప్పుడు చట్టం నీడ దొరుకుతుంది, కానీ సమాన పని చేసే మగ సెక్రటరీ ఉండడు. కాపీరైటర్ అయ్యాక పక్కన మగవాడు ఉంటాడు, కానీ వృత్తి నిపుణురాలు అనే పేరే అడ్డం వచ్చే ప్రమాదం ఉంది. సీరియల్ ఈ మెలికను విడమరిచి చెప్పదు, కానీ సీను ముగిసే తీరు సరిగ్గా దానికి తగ్గట్టే ఉంటుంది: ఆమె చట్టం పేరు ఎత్తుతుంది, గదిలో ఏమీ కదలదు.

జోన్ కథ ఇంకో దారి. రెండో సీజన్ 8వ ఎపిసోడ్‌లో హ్యారీ క్రేన్ టీవీ విభాగానికి చదివే మనిషి కావాలి. సీరియళ్ల స్క్రిప్టులు ముందే చదివి, ఏ క్లయింటు ప్రకటన ఏ సన్నివేశం పక్కన పడకూడదో పట్టుకునే పని. జోన్ తాత్కాలికంగా చేస్తుంది, అద్భుతంగా చేస్తుంది, క్లయింట్లకు కథ చెప్పి ఒప్పిస్తుంది కూడా. తర్వాత ఆ ఉద్యోగానికి ఒక మగవాణ్ని పెడతారు, అతనికి పని నేర్పమని జోన్‌కే చెబుతారు. హ్యారీకి ఆమె మీద కోపం లేదు, కుట్ర లేదు; ఆమెను అడగాలన్న ఊహే రాలేదు. ఆ రాత్రి ఇంట్లో ఆమె బ్రా పట్టీ భుజం మీద వేసిన ఎర్రని గాడిని వేళ్లతో రుద్దుకుంటుంది. ఆఫీసంతా కళ్లప్పగించి చూసే ఆ ఆకారానికి రోజూ ఎంత బరువు మోయాలో ఒక్క షాటులో చెప్పేశారు. కాస్ట్యూమ్ డిజైనర్ జేనీ బ్రయంట్ పనితనం గురించి మాట్లాడేవాళ్లు గౌన్ల రంగుల దగ్గరే ఆగిపోతుంటారు. అసలు చూడవలసింది ఆ గాడి.

నాలుగో సీజన్ చివర్లో జోన్‌కి ఏజెన్సీ కార్యకలాపాల డైరెక్టర్ హోదా వస్తుంది, జీతం మాత్రం పెరగదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అదే ఎపిసోడ్‌లో డాన్ తన సెక్రటరీతో పెళ్లి ప్రకటిస్తాడు. అదే రోజుల్లో పెగీ ఒక ఖాతా గెలుచుకొచ్చి ఉంటుంది. పెళ్లి సందడిలో దాని ఊసే ఉండదు. తలుపు వేసుకుని జోన్, పెగీ కలిసి నవ్వుకునే సీను మొత్తం సీరియల్‌లో నాకు నచ్చిన రెండు మూడింట్లో ఒకటి. వాళ్లిద్దరూ స్నేహితులు కారు. ఆ సీజన్ 8వ ఎపిసోడ్ చూస్తే ఎందుకో తెలుస్తుంది. జోయీ అనే కుర్ర ఫ్రీలాన్సర్ జోన్ మీద బూతు బొమ్మ గీసి అతికిస్తాడు. డాన్ అనుమతితో పెగీ వాణ్ని పనిలోంచి తీసేస్తుంది. తర్వాత లిఫ్టులో జోన్ థాంక్స్ చెప్పదు. నువ్వు చేసిందల్లా నన్ను ఎందుకూ కొరగాని సెక్రటరీని, నిన్ను నవ్వడం తెలియని గయ్యాళిని చెయ్యడమే అని దులిపేస్తుంది. ఎవరిది తప్పు? జోన్ దగ్గర తన పద్ధతి ఉంది: పైనున్న మగవాడి చెవిలో ఒక మాట వేస్తే పని అయిపోతుంది, ఎవరి చేతికీ మట్టి అంటదు. పెగీ దగ్గర కొత్త పద్ధతి: నాకు అధికారం ఉంది, వాడతాను. రెండు పద్ధతుల్లోనూ చివరి తాళం ఒక మగవాడి జేబులోనే ఉంది. రచయితలు ఏ పక్షమూ తీసుకోకుండా లిఫ్టు తలుపులు మూసేస్తారు. 2009లో మూడో సీజన్ నాటికి రచయితల బృందంలో తొమ్మిది మందికి ఏడుగురు ఆడవాళ్లు. ఇలాంటి సీన్లకీ ఆ లెక్కకీ సంబంధం లేదనుకోవడం కష్టం.

ఇక అందరూ చర్చించే జాగ్వార్ ఎపిసోడ్, ఐదో సీజన్ 11వది. జాగ్వార్ కార్ల ఖాతా ఈ ఏజెన్సీకి రావడానికి డీలర్ల సంఘం తరఫున హెర్బ్ అనే ఆయన ఓటు వేయాలి, అందుకు జోన్‌తో ఒక రాత్రి కావాలంటాడు. పీట్ ఆమెకు విషయం చెబుతాడు, ఆమె ఛీ కొట్టినా భాగస్వాముల దగ్గర దాన్ని బేరానికి ఒప్పుకున్నట్టు మార్చి చెబుతాడు. ముందు మాట 50 వేల డాలర్లు. కంపెనీ లెక్కలు చూసే భాగస్వామి లేన్ ప్రైస్ విడిగా వచ్చి, డబ్బు వద్దు, 5 శాతం వాటా అడుగు, నీకూ నీ బిడ్డకూ జీవితాంతం ఉంటుందని సలహా ఇస్తాడు. మంచి సలహానే. కానీ దాని వెనక లేన్ తన దొంగతనం దాచుకోవడానికి పడుతున్న పాట్లు ఉన్నాయని మనకు తెలుసు: కంపెనీ నుంచి అంత నగదు బయటికి తియ్యాలంటే లెక్కలు తెరవాలి. సాయం చేసినవాడికి కూడా స్వలాభం ఉంది. నామమాత్రం కాని నిజమైన భాగస్వామ్యం, కాగితాలు ముందు, అని జోన్ తెగేసి చెబుతుంది.

ఎడిటింగ్ ఇక్కడ ఒక మాయ చేస్తుంది. డాన్ ఆమె ఇంటికొచ్చి వద్దని చెప్పడం, ఆమె అతని చెంప తాకడం ముందు చూపిస్తారు. తర్వాత అదే సీను మళ్లీ వస్తుంది. అప్పటికే ఆమె హోటల్ నుంచి తిరిగొచ్చిందని అప్పుడు తెలుస్తుంది. మంచివాడైన మగవాడు సమయానికి వచ్చి కాపాడే కథ అనుకుని మనం కాసేపు ఊపిరి పీల్చుకుంటాం, ఆ ఊరటను లాగేసుకుంటారు. నా అభ్యంతరం ఒక్కటే: మిగతా భాగస్వాములు మరీ తొందరగా తలలూపేశారు. ముఖ్యంగా రోజర్. పదేళ్ల సంబంధం ఉన్న మనిషి రెండు వాక్యాల్లో తప్పుకోవడం పాత్ర తత్వం కన్నా ఎపిసోడ్ నిడివి నిర్ణయించినట్టుంది. అదే ఎపిసోడ్‌లో పెగీ పారిస్ షూటింగ్ గురించి అడిగితే డాన్ ఆమె ముఖాన నోట్లు విసురుతాడు. చివరికి ఆమె పోటీ ఏజెన్సీకి వెళ్లిపోతుంది. 18 వేల డాలర్లు అని ఆమె కాగితం మీద రాస్తే, అవతలి యజమాని టెడ్ కొట్టేసి 19 వేలు రాస్తాడు. ఇద్దరు ఆడవాళ్ల ధర ఒకే గంటలో కాగితాల మీద తేలుతుంది. ఈ జోడింపు కాస్త దిట్టంగా పేర్చినట్టు కనిపిస్తుంది, అయినా పనిచేస్తుంది.

దాని బాకీ తర్వాతి సీజన్‌లో వసూలవుతుంది. ఆరో సీజన్ 4వ ఎపిసోడ్‌లో జోన్ క్రమశిక్షణ కోసం హ్యారీ సెక్రటరీని తీసేస్తే, హ్యారీ భాగస్వాముల మీటింగులో చొరబడి, నేను సాధించింది పట్టపగలు సాధించానని అరుస్తాడు. జోన్ ఎదుటే. గదిలో ఒక్కరు లేచి నోరు ముయ్యమనరు. పైగా అతనికి బోనస్ చెక్కు ఇస్తారు. వాటా కాగితం చట్టబద్ధమైనదే, కానీ బల్ల దగ్గర గౌరవం ఆ కాగితంతో రాలేదు.

ఇది ఆడవాళ్లకు మాత్రమే వర్తించే నియమం కాదని చెప్పడానికి మూడో సీజన్ 9వ ఎపిసోడ్ ఉంది. ఆర్ట్ డైరెక్టర్ సాల్ రొమానోని సిగరెట్ కంపెనీ వారసుడు బలవంతపెట్టబోతాడు, సాల్ తప్పుకుంటాడు, ఉద్యోగం పోతుంది. డాన్ కూడా సాల్‌నే తప్పుపడతాడు. జాగ్వార్ ఎపిసోడ్‌కి ముందు ఇది చూసి ఉంటే లెక్క స్పష్టంగా కనిపిస్తుంది: ఖాతా తెచ్చే క్లయింటు కోరిక ముందు ఉద్యోగి శరీరం ఖర్చు పద్దులోకి పోతుంది.

లోపాలు. మొదటిది నల్లజాతి వాళ్ల కథ. డ్రేపర్ల ఇంట్లో పనిచేసే కార్లా మూడు సీజన్ల పైన తలుపుల దగ్గర నిలబడే మనిషిగానే మిగిలింది. ఐదో సీజన్‌లో, 1966లో, పోటీ ఏజెన్సీని ఎద్దేవా చెయ్యడానికి అందరికీ సమాన అవకాశమని పేపర్లో వేసిన జోకు ప్రకటన చివరికి డాన్ అనే యువతిని ఉద్యోగంలోకి తెస్తుంది (పేరు పలకడంలో డాన్ డ్రేపర్‌తో గందరగోళం, ఆఫీసులోనూ దాని మీద జోకులేస్తారు). ఆ సీజన్ 4వ ఎపిసోడ్‌లో పెగీ ఆమెను రాత్రికి తన ఇంట్లో ఉండమంటుంది, పడుకోబోతూ డబ్బున్న తన హ్యాండ్‌బ్యాగు వైపు ఒక్క క్షణం చూసి తటపటాయిస్తుంది. ఆ చూపు గొప్పగా రాశారు. కానీ చూసిన పెగీ గురించే తప్ప, చూడబడిన మనిషి ఇంటికెళ్లి ఏమనుకుందో మనకు చూపించరు. చివరి సీజన్లో ఆమెకు జోన్ పాత ఉద్యోగం దొరకడం బాగుంది, అప్పటికి ఆలస్యం.

రెండోది, పెగీ ఒంటరితనాన్ని సీరియల్ కాస్త పెంచి చూపిస్తుంది. నిజమైన మాడిసన్ అవెన్యూలో 1960కి ముందే పేరున్న ఆడ కాపీరైటర్లు ఉన్నారు. జె. వాల్టర్ థాంప్సన్ ఏజెన్సీలో హెలెన్ లాన్స్‌డౌన్ రీసర్ 1910ల నుంచే ఆడ రచయితల విభాగాన్ని నడిపింది. క్లెయిరాల్ జుట్టు రంగు ప్రచారాన్ని 1956లో షర్లీ పోలికాఫ్ రాసింది. మేరీ వెల్స్ 1966లో సొంత ఏజెన్సీ పెట్టింది. స్టెర్లింగ్ కూపర్ వెనకబడిన ఏజెన్సీ అనుకుంటే సరిపోతుంది గానీ, ఆ వీధి మొత్తానికి పెగీయే మొదటి మనిషి అనుకుని చూస్తే తప్పు.

చిన్న తప్పొకటి సరదాకి: మొదటి ఎపిసోడ్‌లో, అంటే 1960 మార్చిలో, అందరి బల్లల మీదా ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్లు. అవి మార్కెట్లోకి వచ్చింది 1961 జులైలో. అదే ఎపిసోడ్‌లో డాక్టర్ రాసిచ్చే గర్భనిరోధక మాత్ర ఎనోవిడ్ మాత్రం అంత తప్పు కాదు. గర్భనిరోధానికి ఆమోదం దొరికింది 1960 మేలో అయినా, నెలసరి సమస్యలకి 1957 నుంచే అమ్మకంలో ఉంది.

మొత్తం 72 గంటలు పెట్టలేనివాళ్లకి, ఈ విషయం మేరకు చాలే వరస: ఒకటో సీజన్లో 1, 6, 13, రెండులో 6, 8, 12, మూడులో 5, 9, నాలుగులో 7, 8, 13, ఐదులో 11, ఆరులో 4, 10, ఏడులో 4, 6, 12, 14. దాదాపు 14 గంటలు. రెండో సీజన్ 12వ ఎపిసోడ్‌లో జోన్ మీద కాబోయే భర్త చేసే అత్యాచారం ఉంది, అదీ డాన్ గది నేల మీద, తెలిసి చూడండి. నాలుగులో 7వది పెగీ, డాన్ రాత్రంతా ఆఫీసులో పోట్లాడుకునే ఎపిసోడ్; మెచ్చుకోలు ఎందుకు చెప్పవని ఆమె, జీతం ఇచ్చేది అందుకేగా అని అతను. ఇది వదిలేస్తే మిగతా వాటిలో వాళ్ల మాటల బరువు తెలియదు. ఏడులో 4వ దానికి పెగీ వెళ్లిన పోటీ ఏజెన్సీ, పాత ఏజెన్సీ కలిసిపోయి ఉంటాయి; అందులో పెగీకి వారానికి 100 డాలర్లు పెంచి డాన్‌ని ఆమె కింద వేస్తారు. పదోన్నతిలా కనిపించే ఈ పని అసలు ఎవరూ మోయడానికి ఇష్టపడని తలనొప్పిని ఆమె నెత్తిన పెట్టడం.

ఏడో సీజన్ 12వ ఎపిసోడ్ దగ్గర కాస్త చరిత్ర తెలిసి ఉంటే రుచి పెరుగుతుంది. వీళ్ల చిన్న ఏజెన్సీని పెద్ద యాడ్ ఏజెన్సీ మెకాన్ ఎరిక్సన్ మింగేస్తుంది. పెగీకి అక్కడ గది సిద్ధంగా లేదు. స్వాగతంగా పూలు వస్తాయి, తీరా అవి సెక్రటరీలందరికీ పంపినవి. పదేళ్ల తర్వాత మళ్లీ మొదటికి. జోన్‌ని పక్కకు నెట్టి, లొంగితే సాయం చేస్తామన్నట్టు మాట్లాడతారు. తనకు రావలసిన అర మిలియన్ డాలర్లు ఇచ్చేస్తే పోతానంటుంది. పెద్దాయన జిమ్ హోబర్ట్ ఒప్పుకోకపోతే సమాన ఉపాధి కమిషన్ పేరు, న్యూస్‌వీక్ ఆడవాళ్ల పేరు ఎత్తుతుంది. 1970 మార్చి 16న న్యూస్‌వీక్ వారపత్రికలో 46 మంది ఉద్యోగినులు ఆ కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. రెండు రోజులకి లేడీస్ హోమ్ జర్నల్ అనే పత్రిక ఎడిటర్ గదిలో 100 మందికి పైగా ఆడవాళ్లు 11 గంటలు బైఠాయించారు. హోబర్ట్ ఎందుకు బెదరడంటే, ఆ కమిషన్‌కి యజమానుల మీద స్వయంగా దావా వేసే అధికారం 1972 దాకా లేదు. భయం ఉన్నదల్లా పేపర్లో పేరు పడుతుందని. అందుకే బేరం సగానికి తెగుతుంది: పావు మిలియన్ తీసుకుని జోన్ వెళ్లిపోతుంది. ఆమె ఓడిందనేవాళ్లున్నారు, గెలిచిందనేవాళ్లున్నారు. 1970 లెక్కల్లో అది దొరికే ధరే.

అదే ఎపిసోడ్‌లో పెగీ నల్ల కళ్లద్దాలు, నోట్లో సిగరెట్, చంకలో ఆక్టోపస్ ఉన్న చిత్రపటంతో మెకాన్ కారిడార్‌లో నడిచొచ్చే షాటు జనం పోస్టర్లు చేసుకున్నారు. చాలా బాగుంటుంది. కానీ ఆఖరి ఎపిసోడ్‌లో జోన్ చేసేది ఇంకా గట్టి పని. సొంత నిర్మాణ సంస్థ పెడదామని పెగీని భాగస్వామిగా రమ్మంటుంది, పెగీ రాదు. కంపెనీ అన్నాక రెండు పేర్లుంటేనే నమ్ముతారు కాబట్టి జోన్ తన పుట్టింటి పేరు, పెళ్లితో వచ్చిన పేరు పక్కపక్కన పెట్టి హాలోవే హారిస్ అని రిజిస్టర్ చేస్తుంది. ఆఫీసు ఆమె ఇల్లే.